కంబర్లాండ్ దీవికి వెళ్లే ముందు రాత్రి ఎక్కడ గుడారం వేయాలి

అమెరికాలో, జార్జియా రాష్ట్రంలో ఉన్న కంబర్లాండ్ దీవికి మొదటి లాంచీ ఉదయం 9 గంటలకు బయలుదేరుతుంది. ఇవతలి ఒడ్డున గుడారం ఎక్కడ వేసుకోవాలన్న నిర్ణయమంతా ఈ గంట చుట్టూనే తిరగాలి. ఫొటోల్లో నది బాగుందనో, ఈత కొలను ఉందనో, అద్దె నాలుగు డాలర్లు తక్కువనో చూసి చోటు ఎంచుకుంటే, తెల్లవారుజామున నిద్రమొహాలతో హైవే మీద పరుగెత్తాల్సి వస్తుంది.

నేను హైదరాబాద్‌లో, నల్లకుంటలో ఉంటాను. పాఠశాలలో భూగోళం చెప్పి పదవీ విరమణ చేశాను. మా అమ్మాయి కుటుంబం అట్లాంటా శివార్లలో ఉంటుంది. మా వీధిలో చాలా ఇళ్ల పిల్లలు ఆ చుట్టుపక్కలే స్థిరపడ్డారు కనుక, ఎండలు ముదరకముందే విమానం ఎక్కే తల్లిదండ్రులు "టీచరుగారూ, పిల్లలు ఎక్కడికైనా తీసుకెళ్తామంటున్నారు, ఏం చూడమంటారు?" అని అడుగుతుంటారు. షాపింగ్ మాల్స్ తర్వాత చూడవచ్చు, ముందు ఈ దీవిని చూడండి అంటాను. వాళ్లకు చెప్పే వివరాలే ఇక్కడ రాస్తున్నాను. అమెరికాలో ఉన్న పిల్లలూ చదవాలి, ఎందుకంటే బుకింగులు చేసేదీ కారు నడిపేదీ వాళ్లే.

పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ శ్రీహరికోట ఎలా ఉందో, జార్జియా రాష్ట్రం దక్షిణపు కొసన నేలకూ అట్లాంటిక్ సముద్రానికీ నడుమ కంబర్లాండ్ అలా ఉంది. తీరానికి సమాంతరంగా సాగిన ఇసుక దీవి ఇది. 17 మైళ్లకు పైగా పొడవు. తుపాను అలల దెబ్బను ముందు తాను కాచుకుని వెనకున్న చిత్తడి నేలను, ఊళ్లను కాపాడుతుంది. దీనికి వంతెన లేదు. సందర్శకుల కార్లు వెళ్లవు. 1960ల చివర్లో, దక్షిణ కరోలినాలోని హిల్టన్ హెడ్ దీవిలో విహార కేంద్రం నిర్మించిన చార్లెస్ ఫ్రేజర్ ఇక్కడా భూమి కొని అలాంటిదే కట్టాలనుకున్నాడు. దీవిలో ఆస్తులున్న, ఉక్కు వ్యాపారులైన కార్నెగీ కుటుంబపు వారసులూ పర్యావరణం కోసం నిలబడినవాళ్లూ గట్టిగా ఎదిరించారు. 1972లో అమెరికా ప్రభుత్వం దీన్ని జాతీయ సముద్రతీరంగా రక్షణలోకి తీసుకుంది. దశాబ్దాల పాటు రోజుకు సుమారు 300 మంది సందర్శకులన్న పరిమితి అమలు చేశారు. అన్ని మైళ్ల తీరంలో నడుస్తూ ఒక్క దుకాణం బోర్డు కూడా కనపడకపోవడానికి కారణం ఇదే. నాకు ఆ దీవి మీద ఇంత ప్రేమ ఉండడానికీ ఇదే కారణం.

మనుషుల సంఖ్యకు పరిమితి ఉన్న చోటికి వెళ్తున్నాం కాబట్టి ముందు దొరకాల్సింది లాంచీలో సీటు. గుడారం తర్వాతి మాట. లాంచీ టికెట్లు ఆరు నెలల ముందు నుంచే ఇస్తారు. వసంతకాలపు శనివారాలు తొందరగా నిండిపోతాయి. జార్జియా స్టేట్ పార్కుల్లో క్యాంప్ స్థలాల బుకింగు అంతకంటే ముందే తెరుస్తారు. అందుకని ఆత్రపడి స్థలం బుక్ చేసుకుని, తీరా లాంచీ దొరక్క తల పట్టుకునేవాళ్లున్నారు. వీసా, టికెట్టు తేదీలు ఖాయం కాగానే మీరు హైదరాబాద్ నుంచే పిల్లలతో ఫోన్‌లో కూర్చోండి. వేసవి సమయంలో అట్లాంటా మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదిన్నర గంటలు. మన రాత్రి భోజనాల వేళ వాళ్లకు ఉదయం, కాబట్టి ఇద్దరికీ తీరిక కుదురుతుంది. ముందు లాంచీ తేదీ, వెంటనే ఆ తేదీకి ముందు రాత్రి, అదే రోజు రాత్రి. మొత్తం రెండు రాత్రులు. ఆ రెండో రాత్రి విషయం కింద చెబుతాను, దాన్ని మాత్రం వదులుకోవద్దు.

దీవి మీదే పడుకోవచ్చు కదా అని అడుగుతారు. పడుకోవచ్చు. సీ క్యాంప్ అనే చోట ఓక్ చెట్ల నీడలో గుడారాలు వేసుకునే ఏర్పాటు ఉంది, చాలా అందమైన చోటు. కాని రేవు నుంచి అర మైలు దూరం గుడారం, పరుపులు, తిండి అన్నీ మోసుకోవాలి. కారు దగ్గర ఉండదు. రాత్రి ఒంట్లో బాగాలేకపోతే వెంటనే ఇవతలకు వచ్చే దారి ఉండదు. మోకాళ్ల నొప్పులు, రక్తపోటు మాత్రలు ఉన్న మన వయసువాళ్లకు ఇవతలి ఒడ్డున నిద్ర, పగలు దీవి. ఇదే నా సలహా. పాతికేళ్ల పిల్లలకైతే వేరే సలహా ఇస్తాను.

ఇక అసలు ఎంపిక. లాంచీ రేవు సెయింట్ మేరీస్ అనే చిన్న ఊళ్లో ఉంది. నా మొదటి ఎంపిక క్రుకెడ్ రివర్ స్టేట్ పార్క్. ఊరికి ఉత్తరాన ఏడెనిమిది మైళ్లు. రేవుకు ఇరవై నిమిషాల లోపు ప్రయాణం. దాదాపు 500 ఎకరాల అడవి, అరవై దాకా క్యాంప్ స్థలాలు, వాటికి తోడు వంటగది ఉన్న కాటేజీలు. చెట్ల నీడ ఉంది, నది దగ్గరలోనే ఉంది, వేడినీళ్ల స్నానాల గదులున్నాయి. రాత్రి 10 తర్వాత నిశ్శబ్దం పాటించాలన్న నియమం ఉంది. మరుసటి రోజు మైళ్లకొద్దీ నడవాల్సినవాళ్లకు ఆ నియమం ఎంత మేలు చేస్తుందో నేను వేరే చెప్పక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: పార్కు నుంచి ఊళ్లోకి వచ్చే దారి కింగ్స్ బే జలాంతర్గామి స్థావరం పక్కగా వెళ్తుంది. పనిరోజుల్లో పొద్దున్నే ఉద్యోగులు వస్తుంటారు కాబట్టి పావుగంట అదనంగా చేతిలో ఉంచుకోండి.

మ్యాప్ చూసేవాళ్లు పొరపడే చోటు ఫ్లోరిడా వైపున ఉన్న ఫోర్ట్ క్లించ్ స్టేట్ పార్క్. ఫోన్‌లో చూస్తే కంబర్లాండ్ దక్షిణపు కొసకు ఎదురుగా, చేయి చాపితే అందేటట్టు ఉంటుంది. అక్కడి ఒడ్డున నిలబడితే దీవి కంటికి కనిపిస్తుంది కూడా. కాని మధ్యలో ఉన్నది సెయింట్ మేరీస్ నది సముద్రంలో కలిసే ముఖం. వంతెన లేదు. ఫోర్ట్ క్లించ్ ఉన్నది అమీలియా దీవి మీద. అదీ ఇలాంటి ఇసుక దీవే. అక్కడి నుంచి యూలీ అనే ఊరి మీదుగా వెనక్కి వచ్చి, ఐ-95 హైవే ఎక్కి, కింగ్స్‌ల్యాండ్ దగ్గర దిగి సెయింట్ మేరీస్ చేరాలంటే నలభై మైళ్లకు అటూ ఇటూ. ముప్పావుగంటకు తక్కువ పట్టదు. నేను పిల్లలకు పాఠంలో ఎప్పుడూ చెప్పేదాన్ని: తీరప్రాంతంలో దూరం కొలిచేటప్పుడు స్కేలు పక్కన పెట్టి, నది ఎక్కడ దాటగలమో వెతకండి అని. ఫోర్ట్ క్లించ్ మంచి చోటు కాదని నేననడం లేదు. 1847లో కట్టడం మొదలుపెట్టిన ఇటుక కోట ఉంది, సముద్రం పక్కనే గుడారం వేసుకోవచ్చు. దాని కోసం మరోసారి విడిగా వెళ్లండి. జెకిల్ దీవి క్యాంప్‌గ్రౌండ్‌కూ ఇదే మాట, అది సెయింట్ మేరీస్‌కు ఉత్తరాన, ఇంకా దూరం.

హైవే ఎగ్జిట్ల దగ్గర ప్రైవేటు క్యాంప్‌గ్రౌండ్లు కూడా దొరుకుతాయి. పిల్లలకు ఈత కొలను, బట్టలు ఉతుక్కునే యంత్రాలు, చిన్న దుకాణం ఉండేవి ఉన్నాయి. స్టేట్ పార్క్ నిండిపోయినప్పుడు అవే దిక్కు, తప్పేమీ లేదు. కాని ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడగండి: గుడారాలకు విడిగా గడ్డినేల ఉందా, లేక ఇల్లులా వాడుకునే పెద్ద బళ్ల మధ్య కంకర మీద వేసుకోవాలా? ఐ-95కు ఎంత దూరం? రాత్రంతా లారీల హోరు వినిపించే చోట ఎంత మెత్తటి పరుపు వేసినా కన్ను మూతపడదు.

అట్లాంటా నుంచి సెయింట్ మేరీస్‌కు దాదాపు 350 మైళ్లు. మేకన్, సవానా మీదుగా వస్తే ఆగకుండా అయిదున్నర, ఆరు గంటలు. మనం ఆగకుండా రాము కదా. శుక్రవారం ఆఫీసు అయ్యాక అయిదింటికి బయలుదేరితే అర్ధరాత్రి చేరతారు. స్టేట్ పార్కు రాత్రి 10కి మూసేస్తారు. చీకట్లో, ముక్కూ మొహం తెలియని చోట, టార్చి వెలుగులో కడ్డీలు దూర్చుకుంటూ గుడారం వేయడం పెద్దవాళ్లకు శిక్ష. అందుకని మా అమ్మాయికి ఒకటే చెప్పాను: "శుక్రవారం సెలవు పెట్టగలిగితేనే శనివారం లాంచీ. లేదంటే శనివారం పొద్దున బయలుదేరదాం, ఆదివారం దీవి చూద్దాం, సోమవారం సెలవు పెట్టు." వెలుగుండగా చేరాలి. గుడారం వేసుకోవాలి. అన్నం తిని తొమ్మిదింటికి పడుకోవాలి. ఇంతే కార్యక్రమం.

ఆ రెండో రాత్రి ఎందుకంటే, దీవి నుంచి చివరి లాంచీ సాయంత్రం. ఇవతలకు వచ్చేసరికి ఆరవుతుంది. ఎండలో రోజంతా నడిచిన అల్లుడిచేత మళ్లీ ఆరు గంటలు రాత్రివేళ కారు నడిపించడం నాకు ఏమాత్రం ఇష్టం లేదు. ఒక రాత్రి అద్దె మిగులుతుందని ఆ పని చేయకండి.

స్థలం నంబరు ఎంచుకునేటప్పుడు పార్కు మ్యాపులో స్నానాల గది ఎక్కడుందో ముందు చూడండి. రాత్రి రెండుసార్లు లేచేవాళ్లు ఇంట్లో ఉంటే దానికి రెండు మూడు స్థలాల అవతల తీసుకోండి. మరీ ఆనుకుని తీసుకుంటే రాత్రంతా లైటు కళ్లలో పడుతుంది, తలుపు చప్పుడు వినిపిస్తుంది. కరెంటు ఉన్న స్థలం తీసుకోండి. నిద్రలో ఊపిరి కోసం యంత్రం పెట్టుకునేవాళ్లకు అది తప్పనిసరి. మిగతావాళ్లకు రైస్ కుక్కర్ కోసం. ఇక్కడొక మాట: హైదరాబాద్ నుంచి కుక్కర్ గానీ నీళ్లు కాచే కెటిల్ గానీ మోసుకెళ్లకండి. మనది 230 వోల్టులు, అక్కడిది 120. ప్లగ్గు మార్చే అడాప్టరు పిన్నులను కలుపుతుందే తప్ప వోల్టేజీ పెంచదు. వోల్టేజీ సగమైతే వేడి దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. గంట గడిచినా బియ్యం నానుతూనే ఉంటాయి. పిల్లల ఇంట్లో ఉన్నదే తీసుకెళ్లండి.

ఇప్పుడు పురుగుల సంగతి. దీన్ని తేలిగ్గా తీసుకుంటే మొత్తం ప్రయాణం పాడవుతుంది. జార్జియా తీరంలో ఆటుపోట్ల తేడా ఆరేడు అడుగులు ఉంటుంది. మన నెల్లూరు తీరంలో మీటరు అటూ ఇటూ మాత్రమే. సాయంత్రం ఆటు వేళ క్రుకెడ్ రివర్ ఒడ్డుకు వెళ్లి చూడండి. మధ్యాహ్నం నిండుగా కనిపించిన పాయ తగ్గిపోయి, కింద నల్లటి బురద మెరుస్తూ ఉంటుంది. ఆ బురద నిండా చిటికెన వేలి మందం బొరియలు. కదలకుండా రెండు నిమిషాలు నిలబడితే బొరియకొకటి చొప్పున చిన్న పీతలు బయటికి వస్తాయి. మగవాటికి ఒక డెక్క మాత్రం ఒంటికి మించినంత పెద్దదిగా ఉంటుంది, దాన్ని పైకీ కిందకీ ఆడిస్తూ ఆడపీతలను పిలుస్తాయి. మీ అడుగు చప్పుడైతే అన్నీ ఒక్కసారిగా మాయం. పిల్లలు గంటసేపు కదలరు అక్కడి నుంచి. కాని అదే బురదలో నుసుములు కూడా పుడతాయి. ఒకటి రెండు మిల్లీమీటర్ల పురుగు, కంటికి సరిగా ఆనదు, కుడితే మాత్రం దురద రెండు మూడు రోజులుంటుంది. వసంతంలో, శరదృతువులో, గాలి ఆగిన ఉదయం, సాయంత్రం వేళల్లో ఎక్కువ. మామూలు దోమతెర కన్నాల్లోంచి ఇవి దూరిపోతాయి. గుడారం కొనేటప్పుడు మరింత సన్నటి అల్లిక ఉన్న తెర కావాలని అడగాలి. మీరు హైదరాబాద్ నుంచి తీసుకెళ్లగలిగింది లేతరంగు పలుచని నూలు చొక్కాలు, పొడుగు చేతులవి, చీలమండ దాకా వచ్చే పైజామాలు. నీటి అంచున ఉన్న స్థలం చలికాలంలో తీసుకోండి. మిగతా కాలాల్లో కాస్త లోపలికి, చెట్ల మధ్య తీసుకోండి. నీటి దగ్గరికి చూడ్డానికి వెళ్తే చాలు. ఆ నీళ్లలో మొసలి జాతి ఎలిగేటర్లు ఉంటాయి కాబట్టి మనవల చేయి వదలకండి.

జూన్ నుంచి ఆగస్టు దాకా గుడారం ఆలోచనే వద్దు. ఉక్క మన మచిలీపట్నం మేనెలను తలపిస్తుంది. తప్పనిసరై ఆ నెలల్లోనే వెళ్లాల్సి వస్తే అదే పార్కులో ఏసీ ఉన్న కాటేజీ తీసుకోండి. అట్లాంటిక్ తుపానుల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఉధృతి ఎక్కువ. నా ఉద్దేశంలో మార్చి చివరి నుంచి ఏప్రిల్ దాకా, మళ్లీ అక్టోబరు సగం దాటాక నవంబరు దాకా మంచి రోజులు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వారంలో కొన్ని రోజులు లాంచీ నడవదు, వేళలు ముందుగా సరిచూసుకోండి.

నేల మీద పడుకుని రాత్రి లేవగలరో లేదో నల్లకుంటలోనే తేల్చుకోండి. కొన్ని రాత్రులు చాప మీద పడుకుని చూడండి. లేవడం కష్టమైతే మడతమంచం పట్టే ఎత్తున్న గుడారం కావాలని పిల్లలకు ఇప్పుడే చెప్పండి. దీవిలో నేను చెప్పబోయే నడక నాలుగు మైళ్ల దాకా ఉంటుంది. కేబీఆర్ పార్కు చుట్టూ బయటి దారిలో ఒకసారి తిరిగితే సుమారు అంత. అక్కడ ఇసుక, ఎండ అదనం.

దీవి మీద తిండి అమ్మరు. ముందు రాత్రే వండి సర్దుకోవాలి. పులిహోరకు సాటి లేదు, చింతపండు పులుపు వల్ల సాయంత్రం దాకా చెడదు. పోపులో పల్లీలు ఎక్కువ వేయండి, నడిచేవాళ్లకు బలం. పెరుగన్నం కావాలంటే పాలు ఎక్కువ పోసి, పెరుగు చెంచాడే వేసి కలిపి మంచుపెట్టెలో పెట్టండి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు. చెత్తంతా, అరటి తొక్కతో సహా, తిరిగి తెచ్చుకోవాలి, కాబట్టి రెండు ఖాళీ సంచులు. పార్కులో రాత్రి తిండి బయట ఉంచవద్దు, రకూన్లనే చిన్న అడవి జంతువులు పెట్టెల మూతలు తీసేస్తాయి. అన్నీ కారులో పెట్టి తాళం వేయండి. పొద్దున ఏడింటి దాకా చప్పుడు చేయకూడదు కాబట్టి సర్దుడంతా రాత్రే అయిపోవాలి. ఏడున్నరకు కదిలితే ఎనిమిదికి రేవు. కారు ఊళ్లోనే ఆపి, సందర్శకుల కేంద్రంలో పేరు చెప్పి, తాపీగా వరసలో నిలబడవచ్చు.

లాంచీ ప్రయాణం ముప్పావుగంట. మొదటి రేవు డంజెనెస్‌లో దిగండి. 1884లో థామస్ కార్నెగీ కుటుంబం కట్టడం మొదలుపెట్టిన భవనం 1959లో కాలిపోయింది, మొండిగోడలు మిగిలాయి. వాటి చుట్టూ గుర్రాలు మేస్తుంటాయి. అవి ఎవరూ పెంచని గుర్రాలు, దగ్గరికి వెళ్లకండి, పులిహోర పెట్టకండి. అక్కడి నుంచి సముద్రపు ఒడ్డుకు, ఒడ్డు వెంట ఉత్తరంగా సీ క్యాంప్ దాకా, ఓక్ చెట్ల కింది నుంచి సీ క్యాంప్ రేవుకు. అక్కడే లాంచీ ఎక్కవచ్చు. మే నుంచి ఆగస్టు దాకా తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం, ఒడ్డున కర్రలు పాతి గుర్తుపెట్టిన చోట్లకు దూరంగా నడవండి. చివరి లాంచీ తప్పితే సొంత ఖర్చుతో పడవ పిలిపించుకోవాల్సిందే. అరగంట ముందే రేవులో ఉండండి.

గుడారానికి తిరిగి రాగానే స్నానాల గదిలో పిడుదుల కోసం ఒళ్లంతా చూసుకోవాలి. మోకాళ్ల వెనక, చెవుల వెనక, నడుము పట్టీ దగ్గర. పిల్లలకు తల్లులు చూడాలి.

గాలివాన వల్ల లాంచీ రద్దయితే డబ్బు సంగతి రేవులోనే మాట్లాడుకుని, ఆ రోజు పార్కుకు దగ్గరలోనే ఉన్న పాత చక్కెర మిల్లు శిథిలాలు చూడండి. ఆల్చిప్పలు కాల్చిన సున్నంతో, ఇసుక, చిప్పలు కలిపి 1825 ప్రాంతంలో పోసిన గోడలు. దగ్గరికి వెళ్తే గోడలో చిప్పలు ఒక్కొక్కటిగా కనిపిస్తాయి. వాన తగ్గితే ఫోక్‌స్టన్ వైపు గంట లోపు ప్రయాణంలో ఓకెఫెనోకీ చిత్తడి అడవి ఉంది. రెండో రాత్రి ఎలాగూ బుక్ చేసుకున్నారు కాబట్టి చీకటి పడేలోగా గుడారానికి చేరుకోవచ్చు.